నాలుగెకరాల పట్టా, నక్షత్రం గుర్తు

1962 ఫిబ్రవరిలో నాకు పందొమ్మిదేళ్ళు. అప్పట్లో ఓటుకు ఇరవై ఒకటి నిండాలి. నాకు ఓటు లేదు గానీ, పొన్నూరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ సైకిలు మీద తిరిగి గోడల మీద నీలిమందుతో నక్షత్రాలు గీశాను. నక్షత్రం స్వతంత్ర పార్టీ గుర్తు. మా నాన్నది నాలుగెకరాల వ్యవసాయం. ఆ నాలుగెకరాల కోసమే గీస్తున్నానని నా నమ్మకం.

మొన్న సంక్రాంతికి మా పెద్ద మనవరాలు వచ్చింది. అమెరికాలో స్థిరపడింది, ఈ మధ్యే అక్కడ ఓటు హక్కు వచ్చింది. “తాతయ్యా, ఆస్తినీ పాత పద్ధతినీ కాపాడతామనే పార్టీ మామూలు వాళ్ళకి పనికొస్తుందా?” అని అడిగింది. అక్కడి పార్టీల సంగతి నాకేం తెలుసు? నేను దగ్గరనుంచి చూసిన అలాంటి పార్టీ ఒక్కటే. 1959లో పుట్టి 1974లో ఇంకో పార్టీలో కలిసిపోయింది. దానివల్ల నేను నేర్చుకున్నవి ఆ పిల్లకి చెప్పాను, మీకూ చెబుతున్నాను.

1. చిన్న రైతు భయాన్ని వెనకబాటుతనం అనొద్దు.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయం కావాలని తీర్మానం చేసింది. పొలాలన్నీ కలిపి సాగుచెయ్యాలి, పంటలో వాటాలు పంచుకోవాలి. ఆ వార్త మా రచ్చబండ దగ్గరికి వచ్చేసరికి “గట్లు చెరిపేస్తారంట” అయింది. మా నాలుగెకరాల్లో రెండు మా తాత ఇచ్చినవి. మిగతా రెండూ మా అమ్మ నగలు అమ్మి కొన్నవి. ఆ గట్టు మీద మా నాన్న తెల్లవారుజామున నిలబడితే దేవుడి ముందు నిలబడ్డట్టే ఉండేది. గట్టు పోతుందంటే ఆయన రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

ఆ తీర్మానాన్ని కాదని కాంగ్రెస్‌లోంచి బయటికొచ్చినవాళ్ళలో మా నిడుబ్రోలు ఆచార్య రంగా గారు ఒకరు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చి ఊళ్ళో రైతాంగ విద్యాలయం పెట్టి, వెంకటగిరి జమీందారీ రైతుల తరఫున పోరాడిన మనిషి. అదే ఏడాది జూన్‌లో మద్రాసులో, అక్కడి మాజీ ముఖ్యమంత్రి రాజాజీ స్వతంత్ర పార్టీని ప్రకటించారు, ఆగస్టులో బొంబాయిలో సభ పెట్టారు. రంగా గారు దానికి తొలి అధ్యక్షుడు. ఢిల్లీ పెద్దలు దాన్ని జమీందార్ల పార్టీ, కోటల పార్టీ అన్నారు. జమీందార్ల మీద పోరాడినవాడు అధ్యక్షుడు, నాలుగెకరాల మా నాన్న కార్యకర్త. ఆ మాట ఎంత తప్పో మా ఇంట్లోనే కనబడేది.

అప్పటికే చైనాలో కమ్యూన్లు పెట్టేశారు. అక్కడ కోట్లమంది కరువుతో చచ్చిపోయారన్న సంగతి చాలా ఏళ్ళకు గానీ బయటపడలేదు. మన దగ్గర నాగపూర్ తీర్మానం పొలాల దాకా రాలేదు. రాకుండా ఆపినవాళ్ళలో ఆ రోజు నోరు తెరిచిన రైతులున్నారు, వాళ్ళకు గొంతు ఇచ్చిన ఆ పార్టీ ఉంది. ఈ ఒక్క పనికే నేను దానికి చెయ్యెత్తి నమస్కారం పెడతాను.

2. సర్కారు దెబ్బ ఎవరి మీద పడుతుందో చూసే కన్ను అలాంటి పార్టీకి ఉంటుంది.

1963 జనవరిలో బంగారం నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. పద్నాలుగు క్యారెట్లకు మించిన బంగారంతో కొత్త నగ చెయ్యకూడదు. బంగారం దొంగరవాణా ఆపడానికట. దొంగరవాణా చేసేవాళ్ళ సంగతి నాకు తెలీదు గానీ, మా వీధి చివర కంసాలి ఇంట్లో కుంపటి ఆరిపోయింది. పద్నాలుగు క్యారెట్లతో మంగళసూత్రాలు ఎవరు చేయించుకుంటారు? తాతల నాటినుంచి పట్టకారు పట్టిన చెయ్యి ఆ ఏడు రైసుమిల్లులో బస్తాలు మోసింది. దేశం మొత్తమ్మీద కంసాలుల బతుకులు అలాగే అయ్యాయి, ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. కంసాలి కోటీశ్వరుడు కాదు. ఆయన పక్షాన మా పొన్నూరు సంతలో మైకు పట్టి మాట్లాడింది నక్షత్రం గుర్తువాళ్ళే.

ధాన్యం సంగతీ అంతే. 1964 తర్వాత ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఒక జోను. కేరళలో బియ్యం లేక జనం అల్లాడుతుంటే మా కళ్ళాల్లో ధాన్యానికి ధర లేదు. చెక్‌పోస్టు దాటించగల పలుకుబడి ఉన్న వ్యాపారి మాత్రం రెండువైపులా బాగుపడ్డాడు. 1952లో మద్రాసు ముఖ్యమంత్రిగా రాజాజీ ఆహార కంట్రోళ్ళు ఎత్తేసిన సంగతి మా నాన్న పదేళ్ళ తర్వాత కూడా తలుచుకునేవాడు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. దాన్ని నేను చాలా ఆలస్యంగా గ్రహించాను. ధాన్యం ధర పెరిగితే అమ్ముకునే మా నాన్నకు మంచిది. సాయంత్రం కూలి డబ్బులతో కొట్లో బియ్యం కొనుక్కునే మనిషికి? ఆ మాట మా సభల్లో ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

3. పర్మిట్ రాజ్యం గురించి రాజాజీ చెప్పింది నిజం.

ప్రతి పనికీ సర్కారు అనుమతి కావాలనే పాలనను ఆయన “పర్మిట్ రాజ్యం” అనేవారు. 1974లో మేం రెండు గదులు వేసుకుందామనుకున్నాం. సిమెంటుకు పర్మిట్ కావాలి. ఒక ఆఫీసు చుట్టూ పదకొండుసార్లు తిరిగాను, చివరికి ఒక చేతిలో డబ్బు పెట్టాను. అదే వారంలో మా ఊరి పెద్ద రైతుకు అడిగినన్ని బస్తాలు ఇంటికే వచ్చాయి. పర్మిట్ పెడితే పేదవాడికి న్యాయం జరుగుతుందని చెప్పినవాళ్ళు ఆ వరండాలో ఒక్క పూట కూర్చుని ఉంటే బాగుండేది.

4. నాలుగెకరాలవాణ్ణి ముందు నిలబెట్టి, నాలుగొందల ఎకరాలవాడు వెనక నిలబడతాడు.

ఇది నేను నేర్చుకున్న పాఠాల్లో అన్నిటికన్నా కష్టమైనది.

మా పార్టీ 1962లో లోక్‌సభలో 18 స్థానాలు, 1967లో 44 గెలిచింది. ఎక్కడెక్కడ గెలిచిందో చూస్తే రాజస్థాన్‌లో జైపూర్ మహారాణి గాయత్రీదేవి, బీహార్‌లో రామ్‌గఢ్ రాజా, ఒరిస్సాలో పాత సంస్థానాధీశులు. 1967లో ఒరిస్సాలో మా పార్టీ తరఫున ముఖ్యమంత్రి అయిన ఆర్.ఎన్. సింగ్ దేవ్ ఒకప్పటి రాజే. బొంబాయి నుంచి పారిశ్రామికవేత్తలు వచ్చారు. అప్పట్లో కంపెనీలు పార్టీలకు బాహాటంగా విరాళం ఇవ్వొచ్చు, 1969లో గానీ చట్టం దాన్ని ఆపలేదు.

రాజులూ మిల్లు యజమానులూ ఉండటం తప్పని నేననను. వాళ్ళూ పౌరులే. కానీ మా ఊళ్ళో గోడమీద నక్షత్రం గీసేవాడి మాట ఢిల్లీ చేరేసరికి ఎవరి మాట అవుతుందో చూడండి. పార్టీ చివరి రోజుల్లో దేనికోసం గట్టిగా కొట్లాడింది? 1969లో బ్యాంకుల జాతీయీకరణ వద్దని, ఆ వెంటనే రాజభరణాల రద్దు వద్దని. రాజభరణాల గురించి పత్రికలో చదివి వినిపిస్తే మా నాన్న వింటూ వింటూ చుట్ట పక్కన పెట్టి, “రాజుల భరణానికీ మన గట్టుకీ ఏమిట్రా సంబంధం?” అన్నాడు. నేను బోలెడు వాదించాను, ఆస్తి హక్కు ఒక్కటే, రాజుకు పోతే రేపు నీకూ పోతుందని. ఆయన జవాబు చెప్పలేదు. ఆ తర్వాత సభలకు రావడం మానేశాడు.

గోలక్‌నాథ్ కేసు తీర్పు 1967 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు మేం పొన్నూరులో మిఠాయిలు పంచాం. ప్రాథమిక హక్కుల్ని, అందులో ఆస్తి హక్కుని, పార్లమెంటు తగ్గించలేదని సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న రైతు గెలిచాడనుకున్నాం. ఆ కేసు పంజాబులో ఐదువందల ఎకరాలున్న కుటుంబానిదని నాకు తెలిసేసరికి నలభై ఏళ్ళు దాటాయి. ఇంకో సంగతి కూడా అప్పుడే ఒక ప్లీడరు గారు చూపించారు. మేం ఊరూరా తిట్టిన 1964 నాటి పదిహేడో రాజ్యాంగ సవరణలోనే, భూపరిమితి (సీలింగు) లోపల ఉండి సొంతంగా సాగుచేసుకునే రైతు భూమి తీసుకుంటే మార్కెట్ ధర ఇచ్చి తీరాలని రాసి ఉంది. అంటే మా నాన్నకు కావలసిన రక్షణ మేం తిట్టిన కాగితంలోనే ఉంది. ఆ వాక్యం మాకు ఎవరూ చదివి వినిపించలేదు. ఎందుకు వినిపించలేదో మీరే ఆలోచించండి.

5. నేను తప్పు అన్న చోట తప్పు నాదే అని తేలింది.

1965లో నేను సహకార పరపతి సంఘంలో గుమాస్తాగా చేరాను. ముప్పై అయిదేళ్ళు అక్కడే. 1969 జూలై 19న 14 బ్యాంకులు జాతీయం చేశారు. ఉద్యోగంలో ఉండి కూడా దానికి వ్యతిరేకంగా కరపత్రం రాసిచ్చాను, వేరే పేరుతో. మా పార్టీ నాయకుడు కూపర్ సుప్రీంకోర్టులో కేసు వేసి 1970లో గెలిస్తే సంబరపడ్డాను. సర్కారు మళ్ళీ చట్టం చేసింది.

1972లో మా నాన్నకు పొన్నూరులో ఒక బ్యాంకు బ్రాంచి పంట రుణం ఇచ్చింది, ఎనిమిది వందల రూపాయలు. అంతకుముందు మా సంఘంలో పెద్ద రైతులకు పోగా మిగిలిందే మాకు. మిగిలినదంతా షావుకారు ప్రోనోటు మీద, నూటికి నెలకు రెండు రూపాయలు. ఆ రోజు ఇంటికొచ్చి మా నాన్న డబ్బు అమ్మ చేతికిచ్చి, “బ్యాంకువాడు కుర్చీ వేశాడే” అన్నాడు. షావుకారు అరుగు కింద నిలబడి ముప్పై ఏళ్ళు అప్పు తెచ్చిన మనిషి అన్న మాట అది. నా కరపత్రం సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేకపోయాను.

6. గట్టు లేనివాడికి ఆ పార్టీ దగ్గర ఏమీ లేదు.

మా చేలో ఊడ్పులకు వచ్చే ముఠాలో అందరూ మాలపల్లె ఆడవాళ్ళే. ఒక ఆషాఢం, 1966 అనుకుంటాను, కూలి పెంచితే గానీ నారు పట్టుకోమన్నారు. ఆ రాత్రి ఊళ్ళో ఒక పెద్దింటి వాకిట్లో సమావేశం. పెట్రోమాక్స్ దీపం, చాపలు, వెనక గోడ మీద నేను గీసిన నక్షత్రం. ఎవరూ పైసా పెంచకూడదని, పెంచినవాడి చేలోకి నీళ్ళు వదలకూడదని తీర్మానించారు. మనిషి స్వేచ్ఛ గురించి మధ్యాహ్నం సభలో మాట్లాడిన నోళ్ళే అవి. తన చెమటకు ధర చెప్పుకునే స్వేచ్ఛ ఆ ఆడవాళ్ళకు ఉందని ఎవరికీ తోచలేదు. మా నాన్న తలొంచుకు కూర్చున్నాడు. నేను సంతకాల కాగితం రాశాను.

పన్నెండు రోజులు నారు ముదిరింది. చివరికి ఆకలికి వాళ్ళే వచ్చారు, పాత కూలికే. ముఠా మేస్త్రి మా గట్టు మీద చీర చెంగు నడుముకు దోపుకుంటూ నా వంక చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

స్వతంత్ర పార్టీకి ఇరవై ఒక్క సూత్రాలు ఉండేవి, నాకు కంఠతా వచ్చేవి. మా నాన్నకు పనికొచ్చే సూత్రాలు వాటిలో చాలా ఉన్నాయి. ఆ మేస్త్రికి పనికొచ్చేది వెతికితే గాంధీగారి ధర్మకర్తృత్వం ఒక్కటే తగిలేది, అంటే ఉన్నవాడి మంచితనం. ఆ రాత్రి పెట్రోమాక్స్ వెలుతురులో ఆ మంచితనం ఎంతో నేను చూశాను. అంతకుముందే ఓట్ల లెక్కలోనూ అది కనబడింది. మా తెనాలి లోక్‌సభ స్థానం 1957లో రంగా గారిది, 1962లో కమ్యూనిస్టులదైంది. రైతు నాయకుడు ఉప ఎన్నికలో గెలవడానికి చిత్తూరు వెళ్ళాల్సి వచ్చింది. డెల్టాలో రైతులకన్నా కూలీలు తక్కువా? ఈ లెక్క మాకు ఎందుకు తట్టలేదో!

1967లో రంగా గారు శ్రీకాకుళం నుంచి గెలిచారు. శాసనసభలో మాకు 29 స్థానాలు, నాయకుడు సర్దార్ గౌతు లచ్చన్న గారు. కల్లుగీత కుటుంబంలో పుట్టి, గీత కార్మికుల కోసం ప్రభుత్వాలనే ఎదిరించిన మనిషి. ఆయన్ని చూసి పేదవాడికీ మా పార్టీలో చోటుందని ధైర్యం వచ్చింది. అదే ఏడాది అక్టోబరు ఆఖర్లో, అదే జిల్లా లేవిడి దగ్గర, గిరిజన సంఘం సభకు వెళ్తున్న ఇద్దరు గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. వాళ్ళ గొడవ భూమి గురించే. అప్పు కింద పోయిన భూమి, అడవి పోడు. ఏజెన్సీ భూమి గిరిజనుల చేతుల్లోంచి పోకుండా 1917 నుంచీ చట్టం ఉంది, అయినా పోయింది. గిరిజనేతరుల మధ్య కూడా ఆ భూములు చేతులు మారకూడదన్న 1/70 నిబంధన 1970లో గానీ రాలేదు.

ఆస్తి హక్కే మా పార్టీ ప్రాణమైతే, దేశంలో అందరికన్నా ఎక్కువగా ఆస్తి పోగొట్టుకున్నది గిరిజనుడే కదా. మా కరపత్రాల్లో, ఊరేగింపుల్లో అతని భూమి మాట నాకు ఒక్కసారీ కనబడలేదు. ఉన్న ఆస్తిని కాపాడతామన్నాం, అది ఎవరి దగ్గరినుంచి ఎలా వచ్చిందో అడగలేదు. సంప్రదాయ పార్టీలన్నిటికీ వచ్చే జబ్బు ఇదేనని నా అభిప్రాయం.

రాజాజీ గారిమీద నాకు ఈనాటికీ గౌరవం ఉంది. కానీ అదే రాజాజీ 1953లో పల్లెటూరి బళ్ళలో పిల్లలు సగం పూట చదువుకుని, మిగతా సగం తండ్రి పని నేర్చుకోవాలన్నారు. తండ్రి ప్లీడరైతే పరవాలేదు. తండ్రి చెప్పులు కుట్టేవాడైతే? మరుసటి ఏడు కామరాజ్ ముఖ్యమంత్రి అయి దాన్ని రద్దు చేశారు, మంచి పని చేశారు.

7. భూమి దాచుకున్నప్పుడు పార్టీ రంగులు తెలుస్తాయి.

భూసంస్కరణల చట్టం 1973లో వచ్చింది, 1975లో డిక్లరేషన్లు ఇమ్మన్నారు. కుటుంబానికి మాగాణి పది నుంచి ఇరవై ఏడు ఎకరాల లోపు, మెట్ట ముప్పై అయిదు నుంచి యాభై నాలుగు లోపు, నేలను బట్టి. అప్పటికి స్వతంత్ర పార్టీ లేదు. ఒకప్పుడు మాకు చిన్న రైతు గురించి ఉపన్యాసాలిచ్చిన ఒక పెద్దమనిషి ఒక రాత్రి మా ఇంటికొచ్చి, ఆరెకరాలు నాన్న పేరున రాయించుకోమన్నాడు, పంట మాత్రం ఆయనదే. నాన్న “నా పేరు నాలుగెకరాలకే సరిపోతుంది బాబూ” అని మజ్జిగ ఇచ్చి పంపేశాడు. ఆ ఆరెకరాలు చివరికి వాళ్ళ పాలేరు పేరున ఎక్కాయి. పాలేరుకు ఆ సంగతే తెలీదు. నిజం చెప్పాలంటే అన్ని పార్టీల పెద్దలూ ఇదే పని చేశారు, అధికార పార్టీవాళ్ళు ముందు వరసలో.

ఆ చట్టం తెచ్చింది ముఖ్యమంత్రిగా పి.వి. నరసింహారావు గారు. 1991లో ప్రధానిగా లైసెన్సులు ఎత్తేసిందీ ఆయనే. మొదటి పని జరగాలని మా పార్టీ ఎప్పుడూ కోరుకోలేదు, రెండో పని కావాలని ముప్పై ఏళ్ళ ముందే అడిగింది. మామూలు మనిషికి ఆ రెండూ కావాలి. రెంటినీ ఒక నోటితో అడిగే పార్టీని నా జీవితంలో చూడలేదు.

8. మనవరాలికి చెప్పిన జవాబు.

పనికొస్తుందమ్మా, అన్నాను. నాలుగెకరాలో, కుంపటో, చిన్న కొట్టో ఉన్నవాడి మీద సర్కారు చెయ్యి వేసినప్పుడు అడ్డు నిలబడుతుంది. ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి. కానీ ఏమీ లేనివాడికి అది ఏమిస్తుందో అడుగు. దాని ఖర్చు ఎవరు పెడుతున్నారో అడుగు. “నీలాంటి చిన్నవాళ్ళ కోసమే” అన్నప్పుడు ఆ చిన్నవాడి వెనక ఎవరు నిలబడ్డారో తొంగి చూడు. మా నాన్నకు ఆ పార్టీ మేలు చేసింది. మా చేలో నాట్లు వేసిన మనిషికి చెయ్యలేదు. ఇద్దరూ మామూలు మనుషులే.

9. గట్టు భయం ఇప్పటికీ ఉంది. ఈసారి అది నాలో ఉంది.

మా నాలుగెకరాలు ఇప్పుడు నా పేరున ఉన్నాయి. సాగుచేసేది కౌలుకు తీసుకున్న అబ్బాయి. ఆ ముఠా మేస్త్రి మనవడే. విత్తనం అతనిది, మందు అతనిది, నష్టం అతనిది. పట్టా నాది కాబట్టి బ్యాంకు నా వైపే చూస్తుంది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం అతనికి పదకొండు నెలల కౌలు కార్డు ఇవ్వొచ్చు, దానికి భూమి యజమాని సంతకం కావాలి. కార్డు వల్ల భూమి మీద హక్కేమీ మారదని చట్టంలోనే ఉంది. అయినా మా ఊళ్ళో యజమానులు సంతకం పెట్టరు. “కౌలుదారు పేరు కాగితం మీదకెక్కితే గట్టు పోతుంది” అంటారు. 1959లో రచ్చబండ దగ్గర విన్న మాటే. అప్పుడు నిజమైన భయం. ఇప్పుడు కాదు.

రెండేళ్ళు నేనూ పెట్టలేదు. కిందటి ఖరీఫ్‌లో పెట్టాను. అతనికి బ్యాంకులో పంట రుణం వచ్చింది, నా భూమి నా దగ్గరే ఉంది. ఇది చదివేవాళ్ళలో ఊళ్ళో భూమి వదిలి హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉంటూ కౌలు తీసుకుంటున్నవాళ్ళు చాలామంది ఉంటారు. ఈసారి మీ కౌలు రైతు కాగితం తెచ్చినప్పుడు, లేదా ఫోన్ చేసి అడిగినప్పుడు, సంతకం పెట్టండి.